కోటు గుండీలతో అస్సాయె ఫిరంగుల మోడల్

బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాను. మనవరాలు స్కూల్ ఎగ్జిబిషన్‌కి "యుద్ధం మోడల్ కావాలి తాతా" అనడంతో ఈ పిచ్చి పట్టుకుంది. మొదటి మోడల్ చెత్తబుట్టలోకి పోయింది. ఎందుకు పోయిందో ముందే చెప్తే మీకు ఆ ఖర్చు తప్పుతుంది.

మేం ఎంచుకున్నది అస్సాయె యుద్ధం, 1803 సెప్టెంబర్ 23. ఊరు ఇప్పుడు మహారాష్ట్రలో, భోకర్దన్ దగ్గర ఉంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఒకవైపు మరాఠా పాలకులు సింధియా, బేరార్ రాజు సైన్యాలు, వాళ్ల దగ్గర వంద దాకా ఫిరంగులు. రెండోవైపు ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో ఆర్థర్ వెల్లెస్లీ. పన్నెండేళ్ల తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ ఈయనే.

ముందు ఏ గడియ చూపించాలో తేల్చుకోండి. నేను ఆ పని చేయలేదు. మరాఠా సైన్యం కైత్నా నది ఉత్తరపు ఒడ్డున ఉంది అని చదివి, ఎనిమిది ఫిరంగుల్నీ నదివైపు తిప్పి ఫెవికాల్ పెట్టేశాను. మనవరాలు చూసి, "శత్రువు ఎటు నుంచి వస్తాడు తాతా?" అంది. మళ్లీ చదివితే అసలు సంగతి తెలిసింది. నదికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు ఊళ్లు కనిపిస్తే, మధ్యలో దాటే రేవు లేకుండా ఉండదని వెల్లెస్లీ ఊహించాడు. అక్కడే దాటి పక్కనుంచి వచ్చాడు. సింధియా దగ్గరున్న పోల్‌మన్ అనే సేనాని మొత్తం వరుసనే తిప్పేశాడు. ఒక కొస కైత్నా దగ్గర, రెండో కొస జువా నది పక్కన అస్సాయె ఊరి దగ్గర. అంటే యుద్ధం జరిగేటప్పుడు ఫిరంగుల మూతులు తూర్పుకి ఉన్నాయి. అంటించినవి పీకితే చక్రాలు ఊడొచ్చాయి.

రణరంగం మొత్తం చేయాలనుకోవద్దు. 72లో ఒక వంతు లెక్కన నాలుగడుగుల ప్లైవుడ్ అంటే 88 మీటర్ల నేల. నాలుగు ఫిరంగులు చాలు, మధ్యలో జానెడు ఎడం ఇవ్వండి. కైత్నా దగ్గరి కొస తీసుకుంటే ఒక అంచున నది గట్టు వస్తుంది. గట్టుకి నేను ధూల్‌పేట నుంచి విగ్రహాల మట్టి తెచ్చాను. కొబ్బరి పీచు సన్నగా కత్తిరించి కలపకపోతే ఆరాక నెర్రెలిస్తుంది. మిగతా నేలంతా నల్లరేగడి. ఫెవికాల్ పూసి, జల్లించిన నల్లమట్టి చల్లితే సరి.

ఇక ఫిరంగి. గోల్కొండ పెట్ల బురుజు మీదున్న ఫతే రహబర్‌ని చూసి చేయకండి, నాకు చాలామంది ఆ సలహానే ఇచ్చారు. అది 16 అడుగుల కోట ఫిరంగి. పొలంలో లాక్కెళ్లేవి చిన్నవి, గొట్టం ఐదడుగులకు అటూ ఇటూ. మన లెక్కలో రెండు సెంటీమీటర్లు. లాలీపాప్ పుల్ల ముక్క సరిపోతుంది. వెనకవైపు లావు రావడానికి కాగితం పట్టీ రెండు చుట్లు చుట్టి, చివర గుండుసూది తల అంటించండి. ఇత్తడి రంగు వేయండి. చక్రాలకి సుల్తాన్ బజార్‌లో 20 మిల్లీమీటర్ల కోటు గుండీలు తెచ్చి, పెన్నుతో చక్రం ఆకులు (స్పోకులు) గీశాను. కింద ఐస్‌క్రీమ్ పుల్ల చీల్చి తోకలా పెట్టాలి. ఆ తోక నేలకి ఆనాలి. పిల్లలు ఇక్కడే తప్పు చేస్తారు, బండిలా సమంగా నిలబెడతారు. గుండ్లకి ఆవాలు వాడండి. ఆరు పౌండ్ల గుండు తొమ్మిది సెంటీమీటర్లు ఉంటుంది, 72తో భాగిస్తే అచ్చం ఆవగింజే.

ఫిరంగి వెనక నాలుగు వేళ్ల జాగా వదలండి. పేలినప్పుడల్లా అది వెనక్కి దొర్లుతుంది, మళ్లీ ముందుకు తోయాలి. ఒక గోలందాజు (ఫిరంగి పేల్చేవాడు) చేతిలో తడిగుడ్డ చుట్టిన కర్ర, పక్కన నీళ్ల బకెట్ ఉండాలి. గొట్టంలో నిప్పురవ్వ మిగిలితే తర్వాత కూరే మందు వాళ్ల చేతుల్లోనే అంటుకుంటుంది. పొగకి దూది వాడండి, కొంచెం బూడిద రాస్తే బాగుంటుంది.

ఆబిడ్స్ పక్కన బస్సు దిగే గన్‌ఫౌండ్రీ కూడా ఈ కథకి చుట్టమే. ఫ్రెంచి రేమండ్ 1786లో నిజాం కోసం అక్కడ ఫిరంగులు పోయించాడు. సింధియా కొలువులోనూ ఇలాగే యూరప్ వాళ్లు ఉండేవాళ్లు. అస్సాయెలో వెల్లెస్లీకి దొరికినవి మాత్రం మన గన్‌ఫౌండ్రీవి కావు.

బొమ్మల్ని నిలబెట్టేటప్పుడు ఇద్దరు ముగ్గుర్ని చక్రాల కింద పడుకోబెట్టండి. వెల్లెస్లీ సైన్యంలోని 78వ రెజిమెంట్ (పటాలం) ఫిరంగుల వరుసని తొక్కుకుంటూ ముందుకెళ్లాక, చచ్చినట్టు పడున్న గోలందాజులు లేచి, ఫిరంగుల్ని వెనక్కి తిప్పి వాళ్ల వీపుల మీద కాల్చారు. వెల్లెస్లీ వెనక్కి వచ్చి మళ్లీ పట్టుకోవాల్సొచ్చింది. మూడో మోడల్‌లో ఒక ఫిరంగిని సగం తిప్పి పెట్టాను.

ఎగ్జిబిషన్‌లో మార్కులు వేసే సారు దాన్ని చూసి, "ఇదొక్కటి తప్పుగా అంటించావమ్మా" అన్నాడు.

"లేదు సార్, కింద చూడండి, వీళ్లింకా చావలేదు" అంది మనవరాలు.