ఓబీ అర్థమైపోయిందనిపిస్తే అనుమానపడండి

మేనేజ్‌మెంట్, ఆర్గనైజేషనల్ బిహేవియర్ (ఓబీ, అంటే సంస్థల్లో మనుషుల ప్రవర్తన గురించిన సబ్జెక్టు) మొదటి పరీక్షలో నాకు వందకు 41 వచ్చాయి. స్టాటిస్టిక్స్‌లో తప్పుతానేమోనని టెన్షన్ పడ్డాను కానీ, ఈ సబ్జెక్టు కోసం ఒక్క పూట కూడా నిద్ర పాడుచేసుకోలేదు. పుస్తకం తెరిస్తే కథలా సాగిపోయేది. మనిషికి ముందు తిండి, తర్వాత భద్రత, ఆ తర్వాత నలుగురిలో గౌరవం కావాలంటే, ఇందులో కొత్తగా చదవడానికేముంది అనుకున్నాను. ఆన్సర్ షీటు చేతికొచ్చాక చూస్తే, ఈ అవసరాలను అయిదు మెట్లుగా పేర్చిన మనస్తత్వవేత్త మాస్లో మీద నేను నింపిన రెండు పేజీల పక్కన ఎర్ర సిరాతో ఒకటే ముక్క ఉంది: "ఇందులో రమణ ఎక్కడ?"

రమణ అంటే ప్రశ్నలో ఇచ్చిన కేసులోని గోదాము గుమాస్తా. జీతం పెరిగింది, అయినా పని మీద ఆసక్తి పోయింది. ఎందుకో విశ్లేషించమన్నారు. నేను మాస్లో మెట్లు అయిదూ వరుసగా వర్ణించి, "కాబట్టి రమణకు కూడా ఈ అవసరాలన్నీ ఉంటాయి" అని ముగించాను. అడగడానికి వెళ్తే మేడమ్ పేపరు బోర్లించి, "మాస్లో పేరెత్తకుండా రమణకేమైందో చెప్పు" అన్నారు. రెండు నిమిషాలు నిలబడ్డాను. ఒక్క మాట రాలేదు.

తర్వాత ఇదే సబ్జెక్టుకు ఆరేళ్లు ట్యుటోరియల్స్ చెప్పాను. మొదటి క్లాసులో ఎవరూ ఇబ్బంది పడరు. అదే ఇబ్బంది. లెక్క రాకపోతే రాలేదని వెంటనే తెలుస్తుంది. ఓబీలో మాత్రం తెలిసిన మాటలే కనిపిస్తాయి కాబట్టి తల ఆడిస్తూ పేజీ తిప్పేస్తాం. తల ఆడించినంత మాత్రాన తెలిసినట్టు కాదని పరీక్ష హాల్లో గానీ బయటపడదు.

దీనికి నేను వాడే మందు ఒకటే. చాప్టరు చదవకముందు, అందులో రాబోయే ప్రశ్నకు మీ జవాబు రెండు వాక్యాల్లో రాసిపెట్టుకోండి. హాథార్న్ ప్రయోగాలే తీసుకుందాం. షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల కర్మాగారంలో 1924లో మొదలై 1932 దాకా నడిచాయి. చదవకముందు రాయండి: వెలుతురు పెంచిన గదిలో, అసలేమీ మార్చని గదిలో ఉత్పత్తి ఎలా ఉంటుంది? మా క్లాసులో దాదాపు అందరూ మొదటి గదిలో పెరుగుతుంది, రెండో గదిలో అలాగే ఉంటుంది అని రాసేవాళ్లు. ఒక ప్రయోగంలో రెండు చోట్లా పెరిగింది. మీరు రాసింది తప్పని తేలిన క్షణంలో ఆ ప్రయోగం మీకు గుర్తుండిపోతుంది. రంగు పెన్నుతో గీతలు గీస్తే అది రాదు.

హాథార్న్ దగ్గర ఇంకాస్త ఆగండి, ఈ సబ్జెక్టు మొత్తం ఆ భవనంలోనే ఉంది. చాలామంది "మనుషుల్ని పట్టించుకుంటే ఉత్పత్తి పెరుగుతుంది" అని ఒక్క వాక్యం రాసుకుని వెళ్లిపోతారు. టెలిఫోన్లలో వాడే రిలేలు (స్విచ్చుల్లాంటివి) బిగించే గదిలో అయిదుగురు అమ్మాయిల ఉత్పత్తి పెరిగిన మాట నిజమే. కానీ మధ్యలో ఇద్దరిని మార్చేశారు. జీతం లెక్క కూడా మారింది: అంతకుముందు పెద్ద విభాగమంతటి ఉత్పత్తి మీద వచ్చే డబ్బు, ఈ చిన్న గుంపు చేసిన పని మీద రావడం మొదలైంది. ఇక పెరుగుదలకు కారణం శ్రద్ధా, డబ్బా, మనుషులు మారడమా? ఈ ప్రశ్న మీ నోట్సులో ఉంటే మీరు చదివినట్టు.

అదే కర్మాగారంలో మరో గది ఉంది. 1931-32లో వైర్లు కలిపే 14 మంది మగవాళ్లను ఊరికే గమనించారు. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బు వస్తుంది, అయినా రోజుకు ఇంత చాలని వాళ్లలో వాళ్లే ఒక గీత గీసుకున్నారు. ఆ గీత దాటినవాణ్ణి ఆటపట్టించేవాళ్లు, జబ్బ మీద ఒక్కటి వేసేవాళ్లు. గుంపు ఒక గదిలో పనిని లేపిందంటున్నారు, మరో గదిలో పట్టి ఆపింది. ఈ రెండు గదులనూ ఎదురెదురు పేజీల్లో రాసుకోండి. గ్రూప్ నార్మ్స్ (గుంపు తనకు తాను గీసుకునే గీతలు), ఇన్ఫార్మల్ ఆర్గనైజేషన్ (కాగితం మీద లేని సంబంధాలు), మోటివేషన్, వీటిలో ఏ ప్రశ్న వచ్చినా ఈ రెండు పేజీల్లోంచే జవాబు లాగొచ్చు.

చరిత్ర చాప్టరు మీద అంత సమయం పెట్టకండి. మేనేజ్‌మెంట్‌కు ఫేయోల్ చెప్పిన 14 సూత్రాలు కంఠతా పట్టడంతో మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా తొమ్మిదో సూత్రం దగ్గర ఆ చాప్టరే వదిలేస్తారు. ఎవరు ఎక్కడ నిలబడి చూశారో చూడండి, చాలు. టేలర్ అనే ఇంజనీరు షాప్ ఫ్లోర్ మీద, అంటే ఫ్యాక్టరీలో పని జరిగే చోటే, స్టాప్‌వాచ్‌తో నిలబడ్డాడు. ఫేయోల్ గనుల కంపెనీ నడిపినవాడు, 1916లో ప్రచురించింది పైకుర్చీలోంచి కనిపించిన దృశ్యం. వెబర్ ఆఫీసు నియమాలను, ఫైళ్లను, పదవులను సమాజశాస్త్రవేత్తగా చూశాడు. ముగ్గురివీ మూడు కిటికీలు.

టేలర్ 1911 పుస్తకంలోని అంకెలు మాత్రం రాసుకోండి. బెత్లెహేం స్టీల్‌లో ఇనప దిమ్మెలు మోసే మనిషి రోజుకు పన్నెండున్నర టన్నుల నుంచి నలభై ఏడున్నర టన్నులకు వెళ్లాడని, కూలి 1.15 డాలర్ల నుంచి 1.85కి పెరిగిందని రాశాడు. మీరే భాగించి చూడండి. పని దాదాపు 3.8 రెట్లు, కూలి 1.6 రెట్లు. "టేలర్ విధానాన్ని విమర్శించండి" అన్న ప్రశ్నకు ఈ రెండు భాగహారాలు చేసే పని, "మనిషిని యంత్రంలా చూశాడు" అన్న అరిగిపోయిన వాక్యం చేయలేదు.

ఇంకొక అలవాటు: ఒక చాప్టర్లో చదివినదాన్ని మరో చాప్టర్‌తో కొట్లాటకు దింపడం. ఒక ఉద్యోగికి ఒకే బాసు ఉండాలన్నాడు ఫేయోల్. మేట్రిక్స్ స్ట్రక్చర్ కావాలనే ఇద్దరు బాసులను పెడుతుంది. ఏం పొందడానికి ఆ నియమం తప్పింది, బదులుగా ఏం పోగొట్టుకుంది? మేనేజర్ పనిని ప్లానింగ్, ఆర్గనైజింగ్ అంటూ పాఠ్యపుస్తకం నీటుగా ముక్కలు చేస్తుంది. పరిశోధకుడు మింట్జ్‌బర్గ్ అయిదుగురు ఉన్నతాధికారుల వెంట తలా ఒక వారం తిరిగి, 1973 పుస్తకంలో వేరే బొమ్మ చూపించాడు. వాళ్ల పనుల్లో సగం తొమ్మిది నిమిషాల లోపే ముగిశాయి. పాఠ్యపుస్తకాలు ఇలాంటి తగాదాలను పక్కపక్కన పెట్టవు, మనమే పెట్టుకోవాలి.

ఇక రమణ దగ్గరకు వద్దాం. కేసులో మూడు సంగతులున్నాయి, అప్పుడు నాకు ఒక్కటీ కనపడలేదు. జీతం పెరిగింది. కొత్త స్కానర్లు వచ్చాక, స్టాకు లెక్కల్లో తప్పు పట్టుకునే పని అతని చేతిలోంచి పోయింది. తన తర్వాత చేరిన కుర్రాడికి షిఫ్ట్ ఇన్‌చార్జ్ పదవి ఇచ్చారు. కేసు చదివేటప్పుడు ముందు ఇలాంటి సంగతులను మార్జిన్లో అంకెలు వేసి పెట్టుకోండి, థియరీలు ఇంకా గుర్తు తెచ్చుకోకండి. థియరీ ముందు గుర్తొస్తే, కేసంతా దాని రంగులోనే కనిపిస్తుంది.

ఇప్పుడు మోటివేషన్ థియరీలను ఒక్కొక్కటిగా పిలవండి. హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పిన లెక్కన జీతం అసంతృప్తిని తగ్గించగలదు గానీ సంతృప్తిని పుట్టించదు, ఉత్సాహం పనిలోంచే రావాలి. రమణకు నచ్చిన పనిని స్కానర్ పట్టుకుపోయింది. ఆడమ్స్ ఈక్విటీ థియరీ కళ్లు మాత్రం ఆ కుర్రాడి మీద పడతాయి: రమణ తాను పెట్టిన శ్రమనూ తనకు దక్కినదానినీ అతనివాటితో పోల్చుకుంటున్నాడు. వ్రూమ్ 1964లో చెప్పింది గుణకారం. కష్టపడితే పని బాగా అవుతుందన్న నమ్మకం, బాగా చేస్తే ఫలితం దక్కుతుందన్న నమ్మకం, ఆ ఫలితం మీద ఇష్టం, మూడింటినీ గుణించాలి. పదవి తనకు రాదని రమణ తేల్చేసుకుంటే మధ్య అంకె సున్నా, మిగతావి ఎంతున్నా ఫలితం సున్నానే.

చాలా జవాబులు ఇక్కడికొచ్చి ఆగిపోతాయి. ఇంకో అడుగు వేయండి: రమణను ఏమడిగితే ఈ మూడింటిలో ఏది నిజమో తేలుతుంది? "ఆ పదవి నీకే ఇచ్చి, పని మాత్రం ఇప్పటిలాగే ఉంటే?" అని అడిగామనుకోండి. చాలంటే ఆడమ్స్, వ్రూమ్‌ల వైపు మొగ్గు. పదవి ఎవరికైతే ఏం, నా పని నాకిస్తే చాలంటే హెర్జ్‌బర్గ్ వైపు. మందు కూడా దాన్నిబట్టే మారుతుంది. ఒకచోట పని తీరు మార్చాలి, ఇంకోచోట ప్రమోషన్ ఎలా ఇస్తారో అందరికీ తెలిసేలా చెయ్యాలి. ఈ నాలుగు వాక్యాలు రాసిన పేపర్లు నా చేతికి అరుదుగా వచ్చేవి.

అన్నట్టు, మాస్లో 1943 వ్యాసంలో పిరమిడ్ బొమ్మ లేదు. ఆ మెట్ల వరుస రాయి మీద చెక్కింది కాదని కూడా అందులోనే చెప్పుకున్నాడు. మనం మాత్రం త్రిభుజాన్ని స్కేలు పెట్టి మరీ గీస్తాం.

తికమకపెట్టే పదాల జంటల కోసం ఒక చిన్న పేజీ వేరుగా పెట్టుకోండి. అన్నిటికంటే ఎక్కువమంది తప్పేది నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ దగ్గర, దాన్ని శిక్ష అనుకుంటారు. కారులో సీటు బెల్టు పెట్టుకునేదాకా కీచుమంటుంది చూడండి, పెట్టుకోగానే ఆగిపోతుంది. ఆ గోల పోవడమే మన చేత రేపు కూడా బెల్టు పెట్టిస్తుంది. శిక్ష మనం చేసే పనిని తగ్గిస్తుంది, నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ పెంచుతుంది.

గ్రూప్ ప్రాజెక్టును మాత్రం తప్పించుకోకండి, డబ్బివ్వకుండా దొరికిన ప్రయోగశాల అది. మా అయిదుగురిలో ఒకతను ఏ పనీ చేయలేదు. సోమరి అని తేల్చేసి, అతని పేరు తీసేయాలా వద్దా అని వాదించుకున్నాం. టక్‌మన్ 1965లో చెప్పిన స్టార్మింగ్ దశ, అంటే జట్టు కుదురుకోకముందు కొట్లాడుకునే దశ, ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. తర్వాత మెసేజీలన్నీ వెనక్కి వెళ్లి చూశాను. ప్రతిదానికీ "అందరం కలిసి చేద్దాం" అని ఉంది, అతనికి ఫలానా భాగం నీదని ఎవరూ చెప్పలేదు. ఎవరి వాటా ఎంతో కనపడని చోట మనిషి చెయ్యి తేలిక చేస్తాడు, సోషల్ లోఫింగ్ అంటే అదే. పరిస్థితిని వదిలేసి మనిషి స్వభావాన్ని తప్పుపట్టడం ఆట్రిబ్యూషన్ ఎర్రర్. రెండూ వారం ముందే చదివి, రెండింటిలోనూ పడ్డాను. ప్రతి భాగం పక్కన ఒక పేరు, ఒక తేదీ రాశాక అతను తన ముక్క మాకంటే ముందే పంపాడు.

ఒక హెచ్చరిక. రెండో నెలలో ఒక జబ్బు వస్తుంది: కనపడిన ప్రతివాడికీ పేరు పెట్టడం. వీడు థియరీ ఎక్స్ (మనుషులు పని తప్పించుకుంటారని నమ్మే రకం), ఆవిడ ఇంట్రావర్ట్. నోట్సులో రాసుకోండి, వాళ్ల ముందు అనకండి. స్నేహాలు పోతాయి.

పరీక్షలో సంవత్సరాలు పనికొచ్చే చోట మాత్రమే రాయండి. కేసులో లేనిది అసలు కల్పించకండి. రమణకు ఇంట్లో సమస్యలు ఉండి ఉంటాయని రాసేవాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురు తేలేవారు. ఉండొచ్చు, కానీ కేసులో ఆ మాట లేదు. అంత ముఖ్యమనిపిస్తే "ఈ సమాచారం ఇవ్వలేదు, మేనేజరు రమణను అడిగి తెలుసుకోవాలి" అని ఒక వాక్యం రాసి ముందుకు పోండి, దానికి నేను మార్కు వేసేదాన్ని.