షాపు బట్టలు, జామకాయలు, చిన్నోడి రక్తపరీక్ష

మా ఆయన హన్మకొండలో బ్యాటరీలు రిపేరు చేస్తాడు. సీసం కరిగించి టెర్మినళ్లు పోసే పని. పోయినేడు చిన్నోడు ఊకే కడుపునొప్పి అంటుంటే డాక్టర్ రక్తంలో సీసం చూపించమన్నారు. డెసిలీటరుకు 14 మైక్రోగ్రాములు వచ్చింది. పిల్లలకు 3.5 దగ్గరే జాగ్రత్త పడాలని అమెరికా వాళ్లు 2021లో హద్దు పెట్టుకున్నారట. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. సీసం తొందరగా పోతుందేమోనని వెంటనే విటమిన్ సి గోళీలు కొన్నాను.

డాక్టర్ గోళీల సంగతి వదిలేసి, "షాపు బట్టలు ఎక్కడ ఉతుకుతున్నావమ్మా?" అని అడిగారు. పిల్లల స్కూలు డ్రెస్సులు నానబెట్టే బకెట్లోనే! షాపు బట్టలకు అంటిన సీసం దుమ్ము పిల్లల బట్టలకూ అంటుతోందన్నమాట.

కాబట్టి ముందు చేయాల్సింది ఇది: షాపు బట్టలు, చెప్పులు గడప దాటి లోపలికి రావద్దు. ఆయన స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. ఇల్లు పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. అత్తమ్మ పాత ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచడం కూడా మానేశాను. గిన్నె లోపలి పాత కళాయి పూతలో సీసం కలిసి ఉంటే పులుపు దాన్ని లాగుతుంది.

ఇక తిండి. ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువైతే పేగులు వాటికి బదులు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. పరిగడుపున ఇంకా ఎక్కువ. అందుకే చిన్నోడిని ఏమీ తినకుండా బడికి పంపను, రాగి జావ తాగాల్సిందే. మధ్యాహ్నం తోటకూర పప్పు, పైన నిమ్మకాయ పిండుతాను. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. పొయ్యి మీద పిండితే వేడికి కొంత పోతుంది, కంచంలోనే పిండాలి. సాయంత్రం జామకాయ. అన్నం తిన్న వెంటనే చాయ్ మాత్రం ఎవరికీ ఇవ్వను, అది ఐరన్‌ను పట్టనివ్వదు. మామయ్య దీనికే రోజూ అలుగుతాడు.

గోళీలు ఎక్కువ మింగితే సీసం తొందరగా పోదు. ఎముకల్లో చేరింది ఏళ్లకేళ్లు అక్కడే ఉంటుంది. పిల్లలకు రక్తపరీక్షలో 45 వచ్చిందంటే ఆసుపత్రిలో మందిచ్చి తీయాల్సిందే, జామకాయలతో అయ్యే పని కాదు.

మూడు నెలలకు చిన్నోడిది 9కి దిగింది. జామకాయ వల్లనా, బకెట్ మార్చినందుకా అంటే, నేనైతే బకెట్ అనే అంటాను.