చిలుక పిల్లకు ఫార్ములా మాన్పించేటప్పుడు వచ్చే చిక్కులు

ముందుగా ఒక మాట. ఇది కాకటీల్, సన్ కొన్యూర్ లాంటి విదేశీ చిలుకల పిల్లల గురించి. ఫార్ములా అంటే వెచ్చటి నీళ్లలో కలిపి సిరంజితో పిల్లకు పట్టే పొడి తిండి. మన రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చెట్టు తొర్రలో దొరికిందని ఎవరైనా పిల్లను తెచ్చిస్తే, సిరంజి పట్టుకోకుండా అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి. కొన్యూర్ అయితే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

పని మొదలుపెట్టే ముందు రెండు వస్తువులు కొనండి. ఒకటి, గ్రాము తేడా కూడా చూపించే చిన్న కాటా. రెండోది డిజిటల్ థర్మామీటర్. రోజూ పొద్దున్నే, మొదటి ఫీడింగ్‌కు ముందు, క్రాప్ ఖాళీగా ఉన్నప్పుడు పిల్లను తూచి రాసిపెట్టుకోండి. క్రాప్ అంటే మెడ కింద, రొమ్ముకు పైన ఉండే సంచి. తిన్నది ముందు అక్కడికే చేరుతుంది.

గింజలు కొరుకుతోంది, బరువు మాత్రం తగ్గుతోంది

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. మొదటి కాకటీల్ పిల్లను అనంతపురంలో ఒక షాపులో కొన్నప్పుడు, "ఏడో వారానికి ఫార్ములా ఆపేయండి సార్, ఆకలైతే అదే తింటుంది" అన్నాడు కొట్టాయన. ఏడో వారం వచ్చేసరికి గిన్నె చుట్టూ కొర్రల పొట్టు కుప్పగా పడుతోంది. ఇంకేం, తింటోందని ఆపేశాను. కాటా బయటికే తీయలేదు. ఆరో రోజు మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఏం రా, దీని రొమ్మెముక కత్తి మాదిరి తగుల్తాండాది" అంది. తూస్తే 77 గ్రాములు. ఆపిన రోజు 91.

గిన్నె కింద పరిచిన పేపరు తీసి వెలుతురులో దులిపి చూశాను. పొట్టు నిజమే. పొట్టు పోయిన పసుపు గింజలు కూడా దాదాపు అన్నీ అక్కడే ఉన్నాయి. పిల్లకు ఒలవడం వచ్చింది, మింగడం రాలేదు.

కాబట్టి పొట్టును నమ్మొద్దు. రాత్రి పడుకోబెట్టే ముందు క్రాప్‌ను రెండు వేళ్లతో మెత్తగా తాకి చూడండి. గింజలు తిని ఉంటే, పల్చటి గుడ్డలో కొర్రలు మూటగట్టినట్టు గరగరమంటూ తగులుతుంది. ఏమీ తినకపోతే వదులు చర్మం తప్ప ఇంకేం తగలదు. రెట్ట కూడా చెబుతుంది: కొంచెం కొంచెంగా, ముదురు ఆకుపచ్చగా, గట్టి భాగం లేకుండా పడుతుంటే కడుపులోకి ఏమీ పోవడం లేదన్నమాట.

ఈ దశలో, అంతకుముందు తూగిన అత్యధిక బరువులో 10 శాతం దాకా తగ్గడం మామూలే. ఎగరడానికి ఒళ్లు తేలిక చేసుకుంటుంది. నా పిల్ల తగ్గింది 15 శాతం. అలా గీత దాటితే ఆలోచించకుండా ఫార్ములా మళ్లీ మొదలుపెట్టండి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. బరువు నిలబడ్డాక మళ్లీ తగ్గించుకుంటూ రావచ్చు: మధ్యాహ్నం ఫీడింగ్ ఇంకా ఇస్తుంటే ముందు అది, తర్వాత పొద్దునది, అన్నిటికన్నా చివర రాత్రిది. మాడిస్తే నేర్చుకుంటుందనేది వట్టి మాట. నీరసపడ్డ పిల్లకు కొత్త గిన్నెలో ముక్కు పెట్టే ఓపికెక్కడిది? కాకటీల్ పిల్లలు సాధారణంగా 7 నుంచి 10 వారాల మధ్య, సన్ కొన్యూర్లు 9 నుంచి 12 వారాల మధ్య మానేస్తాయి. మీ పిల్లకు ఇంకో రెండు వారాలు పట్టినా కొంపలేమీ మునగవు.

సిరంజి చూస్తే మొహం తిప్పుకుంటోంది

రెక్కలు టపటపలాడిస్తూ, హుషారుగా, పది శాతంలోపే తగ్గి ఉంటే అది ఎగిరే వయసు లక్షణం. బలవంతం చేయకండి. మూసుకున్న ముక్కులోకి ఫార్ములా తోస్తే శ్వాసనాళంలోకి పోయి పిల్ల చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆ పూట వదిలేసి రెండు గంటల తర్వాత చూడండి.

హుషారుగా లేకపోతే మొదట వేడి చూడండి. ఫార్ములా 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చల్లారితే ముట్టదు. 43 దాటితే క్రాప్ లోపల కాలుతుంది, ఆ పుండు బయటికి కనిపించడానికి రోజులు పడుతుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఒకచోట గోరువెచ్చగా, ఇంకోచోట పొగలు కక్కేలా ఉంటుంది. గిన్నెను వేడినీళ్లలో పెట్టి కలపడమే మంచిది. మిగిలిన ఫార్ములాను మళ్లీ వాడొద్దు. మన ఎండాకాలంలో అది గంటలోనే పులుస్తుంది.

పొద్దున కూడా క్రాప్ నిండుగానే ఉంది

రోజులో ఒక్కసారైనా, మామూలుగా తెల్లారేసరికి, క్రాప్ పూర్తిగా ఖాళీ కావాలి. కాకపోతే దాని మీద ఇంకో ఫీడింగ్ పోయకండి. చల్లటి ఫార్ములా, పిల్లకు చలి, ఇన్‌ఫెక్షన్, మింగిన పీచు ముక్క, ఏదైనా కారణం కావచ్చు. ముక్కు దగ్గర పుల్లటి వాసన వస్తుంటే లోపల ఈస్టో బ్యాక్టీరియానో పెరిగింది, ఇంటి చిట్కాలతో తగ్గదు. తలకిందులు చేసి కక్కించే వీడియోలు చూసి అదే పని చేయొద్దు. పిల్లను వెచ్చగా పెట్టి ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. మన దగ్గర పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా గేదెలు, గొర్రెలు చూస్తారు. అందుకే పక్షులు చూసే డాక్టర్ ఎవరో పిల్లను కొనకముందే కనుక్కుని పెట్టుకోండి. కడప వైపు వాళ్లు ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలో అడగొచ్చు. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల పైనే, అత్యవసరంలో అది చాలా దూరం.

పెల్లెట్లు ముట్టడం లేదు

పెల్లెట్లు అంటే పక్షుల కోసం తయారుచేసి అమ్మే తిండి గుళికలు. అది తిండి అని పిల్లకు తెలియదు, అంతే. లోతు గిన్నె తీసేసి, పిల్ల తిరిగే చోట పళ్లెంలో చల్లండి. మీరు అక్కడే కూర్చుని దాని కళ్లముందు ఏదైనా కొరకండి, చూసి చూసి వస్తుంది. పెల్లెట్లను నానబెట్టి వేలితో అందిస్తే ఇంకా తొందరగా పట్టుకుంటుంది. నానబెట్టినవి, మొలకలు రెండు గంటల్లో తీసేయండి.

ఆన్‌లైన్‌లో స్ప్రే మిల్లెట్ అని ఖరీదు పెట్టి అమ్మేది మన కొర్ర కంకే. నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది అనే కొర్ర రకాన్ని విడుదల చేసింది, ఆ చుట్టుపక్కల కొర్ర పండిస్తారు. తెలిసిన రైతు ఉంటే మందు కొట్టని నాలుగు కంకులు అడిగి తెచ్చుకోండి. పంజరానికి వేలాడదీస్తే పిల్ల ఆడుకుంటూ తినడం నేర్చుకుంటుంది. మొలకెత్తిన పెసలు, ఉడికించిన మొక్కజొన్న, జామ ముక్క కూడా పెట్టొచ్చు. పచ్చిమిరపకాయ పెట్టినా కంగారు పడక్కర్లేదు, పక్షులకు కారం తెలియదు.

చెనక్కాయలు (వేరుశనగ) మాత్రం వద్దు. మన అనంతపురం జిల్లా పంటే, కాదనను. కానీ తేమ తగిలిన కాయలో పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది పక్షుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పైకి కాయ బాగానే కనిపిస్తుంది.

అన్నీ తింటోంది, అయినా రోజంతా అరుస్తోంది

ముందు కాటా. బరువు తగ్గుతుంటే అది ఆకలి, ఫార్ములా ఇవ్వండి. నిలకడగా ఉంటే బెంగ. ఇల్లు మారినా, పంజరం మారినా, కొత్త మనుషులొచ్చినా తిండి నేర్చిన పిల్లలు మళ్లీ సిరంజి కోసం ఏడుస్తాయి. రాత్రిపూట రెండు మూడు ఎంఎల్ వెచ్చగా ఇస్తే సద్దుకుంటుంది. నీళ్ల గిన్నె కూడా చూసుకోండి: ఇన్నాళ్లూ దానికి నీళ్లు ఫార్ములాతోనే అందాయి, తగ్గించిన రోజు నుంచి లోతులేని గిన్నెలో శుభ్రమైన నీళ్లు ఉండాలి.

ఫార్ములా పూర్తిగా ఆపాక కూడా రెండు వారాలు తూస్తూనే ఉండండి. ప్యాకెట్ పారేయకుండా గాలి తగలకుండా మూసి ఇంకో నెల ఫ్రిజ్‌లో ఉంచండి. నా రెండో పిల్ల మానేసిన పంతొమ్మిదో రోజు మళ్లీ అడిగింది.