పిల్లలు పెట్టిన కుక్కకు చలికాలం జాగ్రత్తలు

చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. ఆ రోజుల్లో కుక్కలు ఎట్లా తిరుగుతాయో ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఆ మాట తిట్టులోకి కూడా ఎక్కింది. కుక్క చూలు సుమారు 63 రోజులు. లెక్క కడితే పిల్లలు పుట్టేది డిసెంబరు నడుమ, అంటే నల్లగొండలో అయినా పాలమూరులో అయినా చలి ముదిరే వేళకే. పెంపుడు కుక్కయితే ఇంట్లో ఏదో జాగా ఉంటుంది. వీధి కుక్క మెట్ల కింద, గడ్డివాము పక్కన, తూము పైపులో, ఎక్కడ మరుగు దొరికితే అక్కడ పెడుతుంది. అందుకే పిల్లలు పుట్టాక పరుగెత్తడం కాదు, తల్లి పొట్ట కిందికి జారినట్టు కనబడగానే పడక సంగతి చూడాలి.

మనకు ఆదిలాబాద్ అంత చలి ఉండదు, నిజమే. ఇక్కడి చిక్కు వేరు. మధ్యాహ్నం 28, 30 డిగ్రీల ఎండ కాస్తుంది, తెల్లవారుజామున 12, 13కు పడిపోతుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది. పగటి ఎండ చూసి పర్వాలేదనుకుంటే రాత్రి మూడు గంటలప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. పుట్టిన మొదటి వారం కుక్కపిల్లకు వణకడం కూడా రాదు. వణుకుతోనే కదా ఒంట్లో వేడి పుట్టేది, దానికి ఆ దారే లేదు. చలేస్తే కాసేపు కుయ్‌కుయ్‌మని ఏడుస్తుంది, తర్వాత ఊరుకుంటుంది. ఊరుకుంది కదా, నిద్రపోయింది అనుకుంటాం. అక్కడే మోసపోయేది. మొదటి వారంలో పిల్ల ఒంటి వేడి 35 నుంచి 37 డిగ్రీలే ఉంటుంది. తన వేడిని తాను సరిగ్గా నిలుపుకోవడం నాలుగో వారానికి గానీ రాదు. కాబట్టి మొదటి వారం పిల్లలు పడుకునే చోట 29 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, తర్వాత వారం వారం కొంచెం తగ్గినా తట్టుకుంటాయి.

అందరూ ముందు గాలి గురించి ఆలోచిస్తారు. నన్నడిగితే ముందు నేల. మన ఇళ్లలో సగానికి సగం షాబాద్ బండలే. ఎండాకాలం హాయిగా ఉండే ఆ బండ, డిసెంబరులో పిల్ల పొట్టలోని వేడిని రాత్రంతా గుంజుతూనే ఉంటుంది. పైన ఎంత మందం దుప్పటి కప్పినా లాభం లేదు. అసలు పిల్లల మీద దుప్పటి కప్పనే వద్దు, తల్లి తిరిగి పడుకునేటప్పుడు ముడతల కింద ఉన్న పిల్ల కనబడక నలిగిపోతుంది. కప్పేది తగ్గించి, పరిచేది పెంచండి.

నాలుగు ఇటుకల మీద పాత తలుపు చెక్కో, బల్ల పలకో పెడితే నేలకూ పడకకూ మధ్య గాలి ఆడుతుంది, ఆ మాత్రం ఎడం చాలు. చెక్క లేకపోతే ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను రెండు మూడు మడతలు వేసి పరచండి. దాని మీద గోనెసంచి, ఆపైన వరిగడ్డి. వానాకాలం వరి కోతలు అప్పటికి అయిపోతాయి కాబట్టి కొత్త గడ్డికి కరువుండదు, పచ్చి ఆరిందో లేదో పిడికిట్లో నలిపి చూసుకోవాలి. బూజు వాసన కొట్టేది వద్దు. ఆరుబయట పడకకు బట్టల కంటే గడ్డే మేలు. బట్ట మంచునూ మూత్రాన్నీ పీల్చుకుని తెల్లారేసరికి తడిముద్దవుతుంది. గడ్డిలో తడి కిందికి దిగిపోతుంది, పరకల మధ్య ఉన్న గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. రెండు మూడు రోజులకోసారి పై పొర మారిస్తే సరిపోతుంది.

ఇంట్లో అయితే పాత గొంగడికి మించింది లేదు. పాలమూరు వైపు ఏ కురుమల ఇంట్లో అడిగినా చినిగిన గొంగడి ఒకటి మూలన పడి ఉంటుంది. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం వదలదు, గరుకుగా ఉంటుంది కాబట్టి పాలకు ఎగబాకే పిల్లల కాళ్లు జారవు. చిరుగులు, వేలాడే పోగులు మాత్రం కత్తిరించి పారేయండి, మెడకో కాలికో చుట్టుకుంటాయి. యూరియా సంచి బాగా కడిగి అన్నిటికన్నా అడుగున వేస్తే తేమ రాకుండా ఆపుతుంది. అదే పైన వేస్తే జారుడు, తడి మీదనే నిలుస్తుంది.

పడక చుట్టూ కట్టే పెట్టె పెద్దదైతే మంచిదనుకుంటారు. కాదు. తల్లి కాళ్లు చాపి పడుకుని, లేచి అటూ ఇటూ తిరిగేంత చాలు. లోపల అసలు పొయ్యి తల్లి ఒళ్లే, జాగా పెరిగిన కొద్దీ ఆ వేడి చెదిరిపోతుంది. చలిగాలి ఎక్కువగా ఉత్తరం, తూర్పు నుంచి వస్తుంది కాబట్టి వాకిలి దక్షిణానికో పడమరకో తిప్పండి. వాకిట్లో అర జానెడు ఎత్తున అడ్డు చెక్క కొట్టాలి. లేకపోతే తల్లి లేచినప్పుడు చన్ను పట్టుకుని వేలాడిన పిల్ల బయటికి వచ్చి పడుతుంది, తిరిగి పోవడం దానికి తెలియదు. పైభాగంలో చిన్న సందు వదలాలి, నాలుగు వైపులా బిగిస్తే లోపలి ఊపిరి తడే నీళ్లవుతుంది. రేకుల షెడ్డు కింద పెట్టే వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. తెల్లారుజామున రేకులకు మంచు పట్టి చుక్కలు చుక్కలుగా కారుతుంది, అందుకే పెట్టెకు సొంత పైకప్పు ఉండాలి.

వేడి పెట్టే విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఎల్‌ఈడీ బల్బు వేలాడదీసి వెచ్చగా ఉందనుకునే వాళ్లున్నారు. దానికి వెలుగే గానీ పిల్లలను కాచేంత వేడి ఉండదు. పాతకాలం 60 వాట్ల గాజు బల్బు అయితే పనికొస్తుంది, కానీ ఇనుప జాలీ గూడు తొడిగి, తల్లికీ గడ్డికీ అందనంత ఎత్తున, ఒక మూలకే కట్టాలి. వేడెక్కువైన పిల్లలు రెండో మూలకు జరగాలి కదా. వైరు తల్లి నోటికి దొరకకూడదు. కరెంటు లేని చోట వేడినీళ్ల సీసా మంచిది. మూత గట్టిగా బిగించి, మందపాటి బట్టలో చుట్టి పెట్టండి. చెంపకు ఆనిస్తే వెచ్చగా ఉండాలి, కాలకూడదు. పడుకునే ముందు పెట్టిన సీసా మూడింటికల్లా చల్లారుతుంది, చల్లారిన సీసా తిరిగి పిల్లల వేడినే లాగుతుంది. లేచి మార్చండి, లేదా తీసేయండి. కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టనే వద్దు. బొగ్గుల విషవాయువుకు వాసన ఉండదు, పిల్లలూ పోతాయి, అదే గదిలో పడుకున్న మనుషులూ పోతారు.

సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. ఒకదాని పక్కన ఒకటి ఒరిగి, నిద్రలో ఉలిక్కిపడుతూ పడుకుంటే బాగున్నట్టు. ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టగా పడి ఏడిస్తే చలి. తలా ఒక దిక్కు పోయి చాపుకుని ఉంటే, తల్లి రొప్పుతుంటే, వేడి ఎక్కువైంది.

విడిగా పడి చల్లబడిన పిల్ల దొరికితే వెంటనే ఎవరో ఒక పెద్దమ్మ, "జర పాలు పట్టు బిడ్డా, అదే లేస్తది" అంటుంది. ప్రేమతోనే అంటుంది, కానీ వినకండి. ఒళ్లు చల్లబడితే పిల్ల పేగులు కదలడం ఆగిపోతాయి, మింగడం కూడా చేతకాదు. పట్టిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, లేదా అరగక కడుపు ఉబ్బుతుంది. ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. తడి ఉంటే తుడిచి, మీ చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని కూర్చోండి. గంట, రెండు గంటలు పట్టినా సరే, నెమ్మదిగానే వేడెక్కాలి. వేడినీళ్లలో ముంచడం, మంట దగ్గర పట్టుకోవడం వద్దు. నోట్లో వేలు పెడితే లోపల వెచ్చగా తగిలి, వేలిని చప్పరించడం మొదలుపెట్టాక తల్లి చన్నుకు అందించండి. తల్లి లేని పిల్లయితే బోర్లా పట్టుకుని పాలు పట్టాలి, పసిబిడ్డలా వెల్లకిలా కాదు.

తల్లి వణికితే అది చలే అనుకోవద్దు. కాన్పయిన నాలుగు వారాల లోపు కాళ్లు బిగుసుకుని తూలుతూ నడవడం, రొప్పడం, ఒళ్లంతా అదరడం కనబడితే రక్తంలో కాల్షియం పడిపోయి ఉండవచ్చు. చిన్నజాతి కుక్కల్లో ఇది ఎక్కువ. గంటల్లో ప్రాణం పోయే జబ్బు, దుప్పటి కప్పి కూర్చోకుండా పశువుల దవాఖానకు తీసుకుపోవాలి.

పాలిచ్చే తల్లికి మూడు, నాలుగు వారాలప్పుడు మామూలు తిండికి రెండు మూడింతలు కావాలి. జొన్న గట్క అయినా అన్నమైనా సరే, గుడ్డో, ఉడికించిన కోడి కార్జమో కలిపి మూడు పూటలా పెట్టండి, అందులో ఒకటి పొద్దుపోయాక. ఉల్లిగడ్డ వేసిన కూర వద్దు, ఉడికిన ఎముకలు వద్దు. గోరువెచ్చని నీళ్లు పడక పక్కనే ఉంటే నీళ్ల కోసం పిల్లలను వదిలి దూరం పోదు. గోమార్లు ఉన్నాయని డాక్టరును అడగకుండా మందు కొట్టకండి, చలికాలం స్నానమూ చేయించకండి.

వీధి కుక్క అయితే ఇంకో జాగ్రత్త. ఎంత మచ్చికైనదైనా పిల్లల దగ్గర కరుస్తుంది. గడ్డి మార్చేది అది తిండికి లేచినప్పుడే. పిల్లగాళ్లను దగ్గరికి పోనివ్వకండి. పన్ను తగిలితే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ దవాఖానకు పోయి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి.

గడ్డివాము పీకేటప్పుడు, కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే అలవాటున్న వాళ్లు గట్ల మీద గడ్డి కుప్పలను, ముందొకసారి కర్రతో కదిపి చూడండి. నిప్పు పెట్టకపోతే ఇంకా మంచిది. మూడు వారాలు దాటాక పిల్లలు పడక వదిలి వెచ్చని చోటు వెతుక్కుంటూ పోతాయి, అప్పుడే ఆగిన ఆటో కింద, ట్రాక్టరు టైరు పక్కన చేరతాయి. పొద్దుగాల బండి తీసే ముందు వంగి చూసి, హారన్ కొట్టి, తల్లి వచ్చి వాటిని పిలుచుకుపోయేదాకా ఆగి కదిలించండి.