మడమ పగుళ్లు మానడం లేదా? క్రీము మార్చే ముందు వేలి సందు చూడండి

తిరుపతిలో కాళ్ల బాధలకు కొదవ లేదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎక్కేవాళ్లలో ఎక్కువమంది చెప్పులు లేకుండానే ఎక్కుతారు. కొండ మాట అటుంచినా, తెల్లారకముందే పేడ ఎత్తి కొట్టం కడిగే ఆడవాళ్లున్నారు, పగలంతా నిలబడే బట్టల షాపు పిల్లలున్నారు, రాత్రంతా బూట్లు విప్పని సెక్యూరిటీ వాళ్లున్నారు. గాయాలకు కట్టు కట్టే మా డ్రెస్సింగ్ గదికి వచ్చి మందు అడిగేవాళ్లను అరికాలు తిప్పి చూసుకున్నారా, వేళ్లు విడదీసి చూశారా అంటే చాలామంది లేదనే అంటారు. కాళ్లు కడుక్కోవడం, గోళ్లు తీసుకోవడం మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

మెట్లెక్కి వచ్చాక బొబ్బలు

కారణం రాపిడి, లేదా ఎండకు కాగిన రాయి. పైతోలు పీకకండి, కింద కొత్త చర్మం వచ్చేదాకా అదే కట్టు. రాపిడి బొబ్బ బిగుసుకుపోయి అడుగు వేయనివ్వకపోతే, సబ్బుతో కడిగి, కొత్త స్టెరైల్ సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు పోనిచ్చి, శుభ్రమైన గాజుగుడ్డ వేయండి. వేడికి కాలి లేచిన బొబ్బను మాత్రం పొడవద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఏ బొబ్బనూ ఇంట్లో ముట్టుకోవద్దు.

పొద్దున మొదటి అడుగుకే మడమలో పోటు

కాసేపు నడిస్తే తగ్గి, చాలాసేపు కూర్చుని లేస్తే మళ్లీ వస్తోందంటే అది దాదాపుగా ప్లాంటార్ ఫేసియైటిస్, అంటే అరికాలి కింద పట్టీలా ఉండే గట్టి పీచు పొర దెబ్బతినడం. మంచం దిగకముందే టవలు ముందుపాదానికి వేసి మీ వైపు లాగండి, పిక్క సాగాలి. ఇంట్లో కూడా గ్రానైట్ నేల మీద వట్టికాళ్లతో తిరగకుండా మెత్తటి చెప్పులు వేసుకోండి. వారంలో తగ్గేది కాదు, నెలలు పడుతుంది. ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందని చూసి టెన్షన్ పడకండి. అలాంటి ఎముక నొప్పి లేనివాళ్లకూ కనిపిస్తుంది.

ఎన్ని రాసినా మానని పగుళ్లు

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. "రోజూ రాస్తానే ఉండాను సార్, తగ్గనే లేదు" అంటారు. మామూలు పగుళ్లు పొడిదనం వల్ల, వెనక పట్టీ లేని చెప్పుల వల్ల, బరువు వల్ల వస్తాయి. రాత్రిపూట కాళ్లు నానబెట్టి, తుడిచి, యూరియా ఉన్న క్రీము గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాసి సాక్సు వేసుకుంటే రెండు మూడు వారాల్లో మెత్తబడాలి. అలా మెత్తబడకపోతే అది పొడిదనం కాదేమో, తామరేమో, అంటే చర్మానికి ఫంగస్ పట్టిందేమో అని అనుమానించాలి.

తామర అంటే గుండ్రంగా, ఎర్రగా, దురదగా ఉంటుందని మనకో లెక్క. అరికాలికి పట్టినప్పుడు ఈ మూడూ ఉండకపోవచ్చు. తోలు మందమవుతుంది, గీతల వెంట పిండి చల్లినట్టు తెల్లటి పొలుసు కనిపిస్తుంది, అది పాదం పక్కలకు కూడా పాకుతుంది. మడమ మందమైన చోట పగులుతుంది. అందుకే అందరూ పగుళ్లకే మందు రాస్తారు.

చూడాల్సినవి మూడు. ఒకటి, చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య సందు: తెల్లగా నానిపోయి, తోలు ఊడుతూ ఉందా? రెండు, గోళ్లు: పసుపు రంగుకు మారి, మందమై, పెళుసుగా విరుగుతున్నాయా? మూడు, అరచేతులు: రెండు పాదాలతో పాటు ఒక్క చెయ్యి మాత్రమే పొలుసుగా ఉంటే తామర మీద అనుమానం బాగా బలపడుతుంది.

దీన్ని మొండిగా మార్చేది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే "అన్నిటికీ పనిచేసే" ట్యూబు. అట్ట మీద క్లోబెటసాల్ అనో బెటామెథసోన్ అనో ఉందేమో చదవండి. అవి స్టెరాయిడ్లు. రాసిన నాలుగు రోజులకే ఎరుపు, దురద పోతాయి, ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. ఆపగానే మళ్లీ లేస్తుంది, ఈసారి డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమయ్యే రూపంలో.

పరిష్కారం: స్టెరాయిడ్ కలవని టెర్బినాఫిన్ లేదా క్లోట్రిమజోల్ క్రీము. పగులు ఒక్కదానికే కాదు, అరికాలంతా, పక్కలు, వేలి సందులు అన్నిటికీ రాయాలి. బాగైనట్టు కనిపించినా డాక్టరు చెప్పిన గడువు దాకా మానకూడదు. మందమైన అరికాలికి, గోళ్లకు క్రీము ఒక్కటే చాలకపోవచ్చు. అప్పుడు మాత్రలు కావాలి, అవి సొంతంగా కొనుక్కునేవి కావు. స్నానం తర్వాత వేలి సందులు పొడిగుడ్డతో తుడవండి. బూట్లు రెండు జతలుంటే మార్చి మార్చి వేసుకోండి. స్నానాల గదిలో ఇంటిల్లిపాదీ మడమలు రుద్దే ఆ ఒక్క రాయిని పారేయండి.

షుగర్ ఉంటే

నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి మేకు గుచ్చుకున్నా, రాయి కాల్చినా తెలియదు. రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోండి, చూపు ఆనకపోతే ఇంట్లో వాళ్లను చూడమనండి. నీటి వేడి మోచేత్తో చూశాకే కాలు పెట్టండి. ఆనెకాయను బ్లేడుతో కోయడం, కార్న్ పట్టీ అంటించడం మీకు కాదు. పుండు, చీము, నల్లబడిన వేలు, వాపుతో జ్వరం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మిగతావి

సోరియాసిస్ అయితే మోచేతులు, మోకాళ్లు, మాడు మీద కూడా చాలాసార్లు పొలుసులుంటాయి. రబ్బరు చెప్పు పడకపోతే పట్టీ తగిలిన చోటే మచ్చ పడుతుంది, చెప్పు మార్చండి. థైరాయిడ్, విటమిన్ల పరీక్షలకు ముందే పరిగెత్తకండి, వేలి సందు చూడటానికి పైసా ఖర్చు లేదు. ఇవన్నీ చూసినా తేలకపోతే రుయా ఆసుపత్రిలోనో, మీకు దగ్గరలోనో చర్మవ్యాధుల డాక్టరును కలవండి. పొలుసు గీకి మైక్రోస్కోపులో చూస్తే చాలావరకు తేలిపోతుంది. వెళ్లే ముందు కొన్నాళ్లు ఫంగస్ క్రీము రాయకపోతే మేలు, రాస్తే ఉన్న ఫంగస్ కూడా పరీక్షలో దొరకకపోవచ్చు. ఇంతకాలం వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లండి.