పాత మారుతి 800కి బ్రేక్ బూస్టర్ మార్చిన తీరు

కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లే దారిలో బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుంటే, లైనర్లు విప్పే ముందు బూస్టర్ (ఇంజిన్ పీల్చుడుతో, అంటే వ్యాక్యూమ్‌తో, కాలి తొక్కుడుకి బలం కలిపే డబ్బా) చూడండి. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. నా బండిలో కదల్లేదు.

మొదట ఇంజిన్ నుంచి బూస్టర్‌కి వచ్చే వ్యాక్యూమ్ పైపు చూశాను. ఎవరో పెట్రోలు పైపు ముక్క తగిలించారు. అది పీల్చుడుకి లోపలికి నొక్కుకుపోతుంది, మందపాటి వ్యాక్యూమ్ పైపే వేయాలి. గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌లో బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజిన్ వైపు నుంచి పోకూడదు. రెండూ మార్చినా పెడల్ దగ్గర బుస్సుమంటోంది, అంటే బూస్టర్ లోపలి రబ్బరు పొర, డయాఫ్రమ్ చిరిగింది. బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ వెనక సీలు కారి బ్రేక్ ఆయిల్ బూస్టర్‌లోకి దిగింది. సీలు మార్చకుండా కొత్త బూస్టర్ వేస్తే అదీ పోతుంది.

అసలు చిక్కు బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని నెట్టే పుష్‌రాడ్ దగ్గరే. దానికీ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కీ మధ్య సన్నని సందు ఉండాలి. రాడ్ పొడవైతే ఆయిల్ వెనక్కి రాదు, చక్రాలు పట్టేసి కాలిపోతాయి. పొట్టిదైతే పెడల్ లోతుకు పోతుంది. బిగించాక జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూడాలి. సిలిండర్ విప్పాం కాబట్టి బ్లీడింగ్ (పైపుల్లో చేరిన గాలి తీయడం) తప్పదు.

పెట్రోలు మిగులుతుందని ఘాట్లో ఇంజిన్ ఆపి దింపేవాళ్లకి ఏ బూస్టరూ సాయపడదు. నిల్వ ఉన్న వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది.