మెడబాట్స్ ఆడటం నేర్చుకుందాం – 3వ పాఠం: మధ్యగీత దాకా పరుగు

రోబోలు తలపడే వీడియో గేమ్ మెడబాట్స్ గురించిన గత పాఠంలో టిన్‌పెట్ అనే అస్థిపంజరానికి తల, కుడి చేయి, ఎడమ చేయి, కాళ్ళు అనే నాలుగు భాగాలను తొడిగి, రోబోకు బుద్ధినిచ్చే పతకమైన మెడల్‌ను అమర్చి ఒక రోబోను సిద్ధం చేశాము. స్త్రీ రోబోల భాగాలు పురుష టిన్‌పెట్‌కు అమరవన్న నియమాన్ని కూడా అక్కడే చూశాము. ఈ పాఠంలో ఆ రోబోను రోబోల పోరాటమైన రోబాటిల్‌లోకి దింపుతాము.

ముందుగా ఒక స్పష్టత అవసరం. 1997లో జపాన్‌లో మెడరాట్ అన్న పేరుతో గేమ్ బాయ్ ఆటగా మొదలైన ఈ కథ 1999లో యానిమేషన్ ధారావాహికగా వచ్చింది. మనం నేర్చుకుంటున్నది ఆంగ్లంలో 2003లో మెటబీ, రోకుషో అనే రెండు రోబోల పేర్లతో రెండు రూపాలలో విడుదలైన గేమ్ బాయ్ అడ్వాన్స్ రోల్ ప్లేయింగ్ ఆట. మెడబాట్స్ ఏఎక్స్ అన్నది బటన్లు నొక్కుతూ నేరుగా తలపడే వేరే ఆట కాబట్టి, దానికి ఈ పాఠాలు వర్తించవు.

ధారావాహికలో మెటబీ యజమాని అయిన బాలుడు ఇక్కి కేక వేయగానే మెటబీ తూటాలు కురిపిస్తుంది. ఆటలో అలా జరగదు. రెండు జట్ల రోబోలు, జట్టుకు ముగ్గురి వరకు, ఎదురెదురు అంచులలో నిలబడి ఉంటాయి. మీరు ఏ భాగాన్ని వాడాలో ఆజ్ఞ ఇచ్చాక రోబో తన అంచు నుంచి మధ్యగీత వైపు పరుగెత్తుతుంది. గీతను చేరినప్పుడే దాడి జరుగుతుంది. ఆ తరువాత అది వెనక్కి తన అంచుకు చేరుకునే వరకు మరో ఆజ్ఞ తీసుకోదు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు తిరిగి తన గీత తాకే దాకా పని పూర్తి కానట్టే ఇక్కడ కూడా రాకపోకలు రెండూ కలిస్తేనే ఒక దాడి. వెళ్ళే పరుగు ఆయుధం ఛార్జ్ అయ్యే సమయం, తిరిగివచ్చే పరుగు అది చల్లారే సమయం. ఈ రెండూ ఒక్కో భాగానికి ఒక్కో తీరుగా ఉంటాయి. వీటికి కాళ్ళ వేగం కూడా తోడవుతుంది కాబట్టి కాళ్ళు దెబ్బతిన్న రోబో ఎంత గొప్ప ఆయుధం పట్టుకున్నా ఆలస్యంగానే చేరుతుంది.

కొత్తవారు సాధారణంగా భాగాల జాబితాలో దెబ్బ బలాన్ని మాత్రమే చూసి ఎంపిక చేస్తారు. అది చాలదు. ఒక భారీ ఆయుధం ఒకసారి వెళ్ళి వచ్చేలోపు తేలికపాటి ఆయుధం రెండుసార్లు వెళ్ళిరాగలిగితే, రెండు చిన్న దెబ్బల మొత్తాన్నే ఆ ఒక్క పెద్ద దెబ్బతో పోల్చి చూడాలి.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నింటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాము. కాల్పుల దాడికి లక్ష్యం ఆజ్ఞ ఇచ్చేటప్పుడే ఖరారవుతుంది. చేతితో కొట్టే దాడి మాత్రం, మీ రోబో గీతను చేరిన ఆ క్షణంలో, మధ్యగీతకు అతి దగ్గరగా ఉన్న శత్రువు మీద పడుతుంది. అందువల్ల మెటబీ వంటి కాల్పుల రోబోతో ఆడేవారు ఎవరిని కొట్టాలో ఆలోచిస్తే, కుడి చేతిలో కత్తి ధరించే రోకుషోతో ఆడేవారు ఎప్పుడు చేరాలో ఆలోచించాలి. ప్రతి జట్టులో ఒక రోబో నాయకుడిగా ఉంటుంది. శత్రు నాయకుడు దాడి ముగించి వెనుదిరిగిన వెంటనే అతడే గీతకు అందరికన్నా దగ్గరగా ఉంటాడు. సరిగ్గా అప్పుడు మీ కత్తి చేరేలా ఆజ్ఞను కాస్త ముందుగా ఇవ్వగలిగితే, కాపలాగా నిలిచిన మిగతా ఇద్దరినీ పట్టించుకోనవసరం లేకుండా నాయకుడిని నేరుగా దెబ్బ తీయవచ్చు. నాయకుడి తల భాగం ధ్వంసమైతే మిగిలినవారు ఎంత బలంగా ఉన్నా ఆ జట్టు ఓడినట్టే కనుక, ఈ లెక్క ఒక్కటి పట్టుబడితే చాలా పోరాటాలు త్వరగా ముగుస్తాయి. నా దృష్టిలో ఈ ఆట అందమంతా ఇక్కడే ఉంది.

ఆవేశంగా విరుచుకుపడే తరహా దాడుల విషయంలో జాగ్రత్త అవసరం. వాటి దెబ్బ పెద్దదే అయినా, వాటిని ఎంచుకున్న రోబో తప్పుకొనే అవకాశాన్నీ కాచుకొనే అవకాశాన్నీ వదులుకోవలసి ఉంటుంది. నాయకుడికి అటువంటి ఆజ్ఞ ఇవ్వకపోవడమే మేలు. తల భాగంలోని ఆయుధాలను, మెటబీ క్షిపణుల వంటివాటిని, ఒక పోరాటంలో పరిమితమైన సార్లే వాడగలం కాబట్టి వాటిని శత్రు నాయకుడి కోసం దాచుకోండి.

అభ్యాసం: మీరు ఇదివరకే ఓడించిన ఒక సులభమైన ప్రత్యర్థితో మళ్ళీ తలపడండి. మొదటి పోరాటంలో తల ఆయుధాన్ని అసలు వాడకుండా, రెండు చేతులనూ మార్చి మార్చి వాడుతూ ఏ చేయి ముందుగా మధ్యగీతను చేరుతోందో, ఏది త్వరగా తిరిగివస్తోందో కాగితం మీద రాసుకోండి. రెండవ పోరాటంలో కొట్టే ఆయుధం ఉన్న రోబోకు ఆజ్ఞ ఇచ్చే ముందు, శత్రు నాయకుడు ఎటు పరుగెత్తుతున్నాడో తెర మీద గమనించి, మీ దెబ్బ ఎవరి మీద పడుతుందో ముందే ఊహించి రాయండి. ఊహ వరుసగా నిజమయ్యే వరకు ఈ రెండవ భాగాన్ని కొనసాగించి, ఆ తరువాతే నేలకు తగిన కాళ్ళను ఎంచుకోవడం గురించిన 4వ పాఠానికి వెళ్ళండి.